గుమ్మం దగ్గర వంటవాడు

వెస్ట్‌మినిస్టర్‌లో మా హోటల్ వంటింటి వెనక తలుపు తీస్తే
రెండు వీధుల అవతల అబ్బే బురుజులు.
పదకొండేళ్ళుగా అటు చూస్తూ ఉల్లిపాయలు తరిగాను.
లోపలికి వెళ్ళింది మాత్రం మొన్న, సెలవు రోజున,
టికెట్ ధరకు గుండె గుభేలుమంటుంటే.

చిట్టచివర, రాతిని లేసులా అల్లిన కప్పు కింద
రెండు వరసల జెండాలు.
సింహాలు, చేపలు, ఒకదాని మీద కాకులో గువ్వలో మూడు,
గాలి లేని రోజు దండెం మీది బట్టల్లా వేలాడుతున్నాయి.
"బాత్ ఆర్డర్ నైట్లవి" అంది కాపలా ఉన్న విన్నిఫ్రెడ్ టాన్స్‌లీ,
మోకాళ్ళ నొప్పికి కుర్చీ వదలకుండానే.
బాత్ అంటే స్నానమేనా అన్నాను.
స్నానమే అంది.

వెనకటి రోజుల్లో
కత్తి కట్టబోయే కుర్రాణ్ణి ముందురాత్రి
తొట్టిలో కూర్చోబెట్టి
పెద్దలు నీళ్ళు పోస్తూ ధర్మం చెప్పేవారట.
ఆ తర్వాత తెల్లవార్లూ జాగరణ,
కొవ్వొత్తి, కునికిపాట్లు, ఒట్టు.
మనకు తలంటి పోస్తే పండగ,
వాళ్ళకు పోస్తే బిరుదు.
ఆ నీళ్ళు ఎవరో మోసే ఉంటారు,
కాగు కింద మంట ఎవరో ఊదే ఉంటారు.
నాకు ముందు గుర్తొచ్చేది వాళ్ళే. ఏం చెయ్యను, నా బుద్ధి అంత.

ఎడమ భుజాన తెల్లపట్టు ముడి వేసేవారట,
ఘనకార్యం ఒకటి చేసేదాకా విప్పకూడదట.
నా నడుం వెనక ఏప్రాన్ ముడి గుర్తొచ్చింది.
రోజుకు రెండుసార్లు విప్పుతాను,
ఏ ఘనకార్యమూ లేకుండానే.

టాన్స్‌లీ దగ్గుబిళ్ళ ఒకటి నోట్లో వేసుకుంది.
"మూడొందల ఏళ్ళ కిందట రాజు ఈ ఆర్డర్‌ని మళ్ళీ నిలబెట్టాక
నైట్లు ప్రమాణం చేసి బయటికొస్తుంటే
గుమ్మం దగ్గర ఎవరు నిలబడేవారో తెలుసా?
రాజుగారి పెద్ద వంటవాడు.
చేతిలో మాంసం కొట్టే కత్తి."

ఎర్రపట్టు అంగీలు, ఈకల టోపీలు,
మడమలకు గుర్రాన్ని అదిలించే బంగారు ముళ్ళు.
అంతటివాళ్ళూ అతని ముందు ఆగాల్సిందే.
అయ్యా, మీరు పెట్టిన ఒట్టు ఏమిటో మీకు తెలుసు.
నిలుపుకుంటే కీర్తి మీది.
తప్పారా,
నా కొలువు ధర్మంగా
మీ మడమల ముళ్ళు నరికేస్తాను.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
ఒకసారి దాదాపు అంత పనీ అయిందట.
ఒక నావికుడు. నేరం చేశాడన్నారు, చెయ్యలేదన్నాడు.
అర్ధరాత్రి అతని జెండా దింపి
ఈ మెట్ల మీదుగానే తన్నుకుంటూ పోయారు.
దగ్గర దగ్గర యాభై ఏళ్ళకు,
అతన్ని ఇక్కడే పూడ్చబోయే ముందు
అది తిరిగి పైకెక్కింది.
చూసుకోవడానికి అతను లేడు.

కూర్చునే చోట్ల వెనక చెక్కకు మెరిసే రేకులు,
రేకుకో పేరు.
వంటవాడి రేకు వెతికాను. కనపడలేదు.
అంతమంది సేనాపతులుండగా
కత్తి అతని చేతికే ఎందుకిచ్చారన్నాను.
టాన్స్‌లీకి తెలియదట.
నాకు తెలుసనిపించింది.
ఎవడు ఎంత ఉప్పు తిన్నాడో
వేసిన చెయ్యి మరిచిపోదు.

మర్నాడు సాయంత్రం షిఫ్టు.
మేనేజరు పిల్‌బీమ్ నిగనిగలాడే బూట్లతో వంటింట్లోకొచ్చాడు.
గిన్నెలు కడిగే యోనాస్‌కు పెంచుతానన్న జీతం
వచ్చే నెలట.
ఇది మూడో వచ్చే నెల.
యోనాస్ సబ్బు నురగలోకి చూస్తూ సరేనన్నాడు.

నేను గుమ్మం పక్క బల్ల దగ్గర
మేక తొడ ముక్కలు కొడుతున్నాను.
పిల్‌బీమ్ బయటికి పోబోతుంటే చెయ్యి ఆపాను.
ఒక్క మాటా అనలేదు.
అతని మడమల వైపు చూశాను, అంతే,
కాస్త ఎక్కువసేపు.

లేసు ఊడిందేమోనని
వంగి చూసుకున్నాడు.